ఫోన్లో వచ్చిన దురాయి

మా పాలెం వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని నేనే. జీతం లేదు, మర్యాద అంతకన్నా లేదు. పొద్దున లేస్తే గులాబీ పూల మీద శుభోదయాలు, మధ్యాహ్నం ఎవరిదో తప్పిపోయిన కోడి ఫోటో, సాయంత్రం సీరియల్లో అత్తని తిడుతూ ఆడవాళ్ల వాయిస్ మెసేజ్‌లు. తీసేద్దామంటే ఒక్కొక్కరూ చుట్టాలే. పొద్దున లేస్తే వరసపెట్టి పిలవాల్సిన వాళ్లని గ్రూపులోంచి ఎట్లా గెంటేది?

ఆ తుఫాను వారం గ్రూపు తిరునాళ్లయిపోయింది. మిద్దెల ఎత్తున లేచిన అల కార్లని మింగేస్తున్న వీడియో ఒకటి వచ్చింది. కింద 'మన కోస్తాలో, ఇప్పుడే' అని రాసుంది. ఆ కార్లన్నీ రోడ్డుకి కుడిపక్కన పోతున్నాయి, కొట్ల బోర్డుల మీద అక్షరాలు మన దేశానివే కావు. ఇది దొంగ వీడియో అని వివరంగా రాశాను. బదులుగా నాకు బోలెడు దండాల బొమ్మలు వచ్చాయి, వాటి వెనకే అదే వీడియో మళ్లీ వచ్చింది.

ఇంతలో సర్కారు హెచ్చరిక ఊళ్లో ఫోన్లన్నిట్లో ఒక్కసారిగా కుయ్యోమని మోగింది. మా అవ్వ రాకెట్టేమో అనుకుని వాకిట్లోకొచ్చి శ్రీహరికోట వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆకాశంలో ఏమీ లేవలేదు. ఫోనుని నాలుగు తిట్టి లోపలికి పోయింది. నాకు లోపల బెరుగ్గా ఉన్నా నవ్వాగలేదు.

ఆ నవ్వు నాయన వల భుజానికెత్తుకోవడం చూశాక ఆగింది.

"యాడికి నాయనా?"

"యాడికేంది మే, యేటకి."

"ఫోను అంతగా అరిచింది గదా!"

"పోయిన తడవ కూడా అరిచింది. ఆ గాలి ఒరిస్సాకి పోయింది, మనం ఇంట్లో కూచ్చొని గోళ్లు గిల్లుకున్నాం. గాలికి ముందు చేప గట్టుకొస్తది. దురాయి యేసినారా? యేస్తే చెప్పు, ఆగతా."

దురాయి అంటే మా పాలెం కట్టుబాటు. మా ఊరి పెద్దని పెద్దకాపు అంటాం. ఆయన నోటితో వద్దన్నాడంటే ఊరి చాటింపు చేసే తప్పెటన్న తప్పెట కొడుతూ వీధి వీధీ తిరిగి చాటుతాడు. ఆ చాటింపు పడ్డాక పడవ దించిన మొగవాడు మా ఊళ్లో లేడు. కలెక్టరు చెబితే ఆలోచిస్తారు, టీవీ చెబితే వాదిస్తారు, దురాయి పడితే మాత్రం నోరు మూసుకుని వల మడుస్తారు. చిక్కల్లా పెద్దకాపు ఊళ్లో లేకపోవడమే. సముద్రం బుద్ధిగా ఉన్నప్పుడే ఆయన బుచ్చిరెడ్డిపాలెంలో చేపలు కొనే సాయిబు గారింట పెళ్లికని పోయాడు. వానకి బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు.

ఫోన్ చేస్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దురాయి యెయ్యమను మే! ఒక్క పడవ దిగే దానికి లేదు" అన్నాడు. ఆ పెళ్లింట్లో ఎవరినో బతిమాలి ఆ ముక్కని వాయిస్ మెసేజ్‌గా తెప్పించి గ్రూపులో పెట్టాను. వెంటనే ఒకాయన రాశాడు: 'ఇప్పుడు ఎవురి గొంతైనా తయారు చేస్తా ఉండారంట, జాగర్త.' పొద్దున ఆ అల వీడియోని నమ్మి ఊరంతా పంచింది ఆ మహానుభావుడే! నాకు ఒళ్లు మండిపోయింది. అంత పెద్ద అలని గుటుక్కున మింగినవాడికి ఇంత చిన్న నిజం గొంతులో అడ్డం పడింది.

ఇక వీడియో కాల్ తప్ప దారి లేదనుకున్నాను. మనిషే కనబడి చెబితే ఎవరు కాదంటారు? తప్పెటన్నని లేపుకొచ్చాను. ఆయన ముందు, ఫోనుని హారతి పళ్లెంలా రెండు చేతులా ఎత్తి పట్టుకుని నేను వెనక. కాల్ కలిసింది. తెర నిండా పెద్దకాపు చెవి.

"పెదనాయనా, ఫోను చెవికి కాదు, మొహానికెదురుగా పెట్టు!"

"ఆఁ, ఇనపడతా ఉంది, చెప్పు చెప్పు" అని ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

ఎన్ని విధాల చెప్పినా చెవి జరగలేదు. వెనక పెళ్లి బ్యాండు మోత. మొదటి వీధిలో పిల్లలు చూసి పడీపడీ నవ్వారు. పెద్దవాళ్లు నవ్వలేదు. కింద తమ్మె చీలి రెండు ముక్కలుగా వేలాడే చెవి మా చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. అదెట్లా చీలిందో నేనెప్పుడూ అడగలేదు, పుట్టినప్పటినుంచీ అట్లాగే చూస్తున్నాను. పెద్దకాపు ఎదురైతే భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకోవడం మా వాళ్ల మర్యాద. మొగవాళ్లందరూ ఆ చెవిని చూసి తువ్వాళ్లు తీశారు. "ఎవురూ పడవ దించగూడదహో!" అని తప్పెటన్న చాటాడు. నడివీధిలో సిగ్నల్ పోయి చెవి బిగుసుకుపోతే, "అయ్య ఆలోచిస్తా ఉండాడు, నిలబడండి" అని అందరినీ వానలో నిలబెట్టాడు కూడా. అందరూ నిలబడ్డారు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఒక్క నాయన మాత్రం వీధిలో లేడు. ఆయనా మా మామా అప్పటికే మోకాటి లోతులో పడవ నెడుతున్నారు. నేను ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. అల వెనకాల అల, ఎప్పుడూ లేని రంగులో. నా అరుపు నాకే వినబడలేదు. ఎదురుగా పోయి ఫోను ఆయన మొహం ముందర పెట్టాను.

"ఏంది మే అది?"

"పెద్దకాపు, నాయనా! దురాయి!"

నాయన కళ్ల మీద నీళ్లు తుడుచుకుని తెరలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "ఎనక్కి లాగరా" అని మామకి చెప్పాడు. అంతలో వీధిలో జనమంతా వచ్చి తాడందుకున్నారు. అందరూ కేకలేస్తూ లాగుతుంటే పడవ ఇసక దిబ్బ మీదికి ఎక్కింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను, ఏడుస్తూనే లాగాను.

గాలి ఈసారి ఒరిస్సాకి పోలేదు. తుఫాను షెల్టర్లో అందరం ఒకరి మీద ఒకరం పడి పులిహోర తిన్నాం. ఆడవాళ్లు పాటలందుకున్నారు, అవ్వ చప్పట్లు కొట్టింది. తెల్లారి చూస్తే మేం రోజూ పడవలు నిలిపే చోటంతా సముద్రమే. ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి గానీ మనుషులందరం ఉన్నాం. ఆ సంతోషం పట్టలేక గ్రూపులో ఒక గులాబీ పువ్వు నేనే పెట్టాను.

దారి తెరవగానే పెద్దకాపు నేరుగా మా ఇంటికొచ్చాడు. నాయన వాకిట్లో వల చిక్కు తీసుకుంటున్నాడు. వీధిలో ఎంత మర్యాదైనా ఇంట్లో వాళ్లిద్దరూ చిన్ననాటి జతగాళ్లే.

"ఏరా, నా మాట ఇన్నావంటనే!" అన్నాడు పెద్దకాపు, నమ్మలేనట్టు.

"నీ మాట యాడ ఇన్నాను? ఆ గాలికీ ఆ బ్యాండుకీ ఒక్క ముక్క ఇనపడలా."

"మరి?"

నాయన వలలోంచి తల ఎత్తలేదు. "చిన్నప్పుడు నేను గాలం ఇసరబోతుంటే, ఎనక నేనుండా, ఇసరబాకరా అని అరిచినావు. ఇనకుండా ఇసిరినా గదా. ఫోన్లో ఆ చెవే కనపడింది."

పెద్దకాపు చీలిన తమ్మెని కాసేపు తడుముకున్నాడు.

"మంచిదేరా అయితే. మొహం చూపించుంటే పొయ్యుండేవాడివి" అన్నాడు.