తేనెపిట్ట పక్కన బొటనవేలు

పక్క క్వార్టర్లో ఉండే, బాబాయిలాంటి మా కాక పోయాడని ఫోన్ వచ్చి పన్నెండు రోజులైంది. నేను అప్పుడు బసంత్‌నగర్‌లో డ్యూటీకి బయల్దేరుతున్నాను. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి, ఊపిరితిత్తుల జబ్బుతో ఏడాదిగా దవాఖాన చుట్టూ తిరుగుతున్నాడు. ఊహించిన కబురే అయినా, ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు.

నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. రెండో షిఫ్టు వారం వస్తే పొద్దున్నంతా వాకిట్లోని మందార చెట్టు దగ్గరే ఉండేవాడు. దానికి తేనెపిట్టలు వచ్చేవి, బొటనవేలంత పిట్టలు. ముందురోజే ఆకుల మీది బొగ్గు దుమ్ము కడిగిపెట్టేవాడు. "మనకంటే దుమ్ము అలవాటే. పిట్ట ఫోటోల మాత్రం దుమ్ము కనబడొద్దు" అనేవాడు. పిట్ట కంట్లో మెరుపు రాకపోతే ఎంత మంచి ఫోటో అయినా చెరిపేసేవాడు. అంచులు కత్తిరించడంలో మాత్రం మహా పిసినారి.

"పిట్ట చూసే దిక్కు జాగ ఇడువాలెరా. కోసుడు అల్కగనే ఉంటది, కోసినంక మళ్ల అతుకుతదా?"

రాష్ట్రం వచ్చిన ఏడాది, ఒక పొద్దున గాలికి కొమ్మ ఊగి ఫోటోలన్నీ అలికేసినట్టు వస్తున్నాయని విసుక్కున్నాను. కాక కెమెరా నా చేతికిచ్చి, వెళ్లి కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిట్టలకు ఆయన అలవాటే. పావుగంట కదల్లేదు. దగ్గు వస్తే లోపలే ఆపుకున్నాడు. పిట్ట వచ్చి వాలింది, నొక్కాను. పువ్వు, పిట్ట, పక్కనే కాక మొహం, అన్నీ స్పష్టంగా వచ్చాయి.

ఇంటికెళ్లాక, పిట్ట పెద్దగా కనబడాలని కంప్యూటర్లో కాకను కోసేశాను. తెలివితక్కువగా అసలు ఫోటో మీదే సేవ్ చేశాను. కెమెరాలోని మెమరీ కార్డు కూడా ఖాళీ చేశాను. మర్నాడు ప్రింటు ఇస్తే చాలాసేపు చూశాడు. అంచున, కొమ్మ మీద ఆయన బొటనవేలొక్కటే మిగిలింది. బాయిలో దెబ్బ తగిలి గోరు నల్లబడిపోయిన వేలు.

"పిట్ట సాఫ్ వచ్చిందిరా. మరి నా వేలెందుకు ఇడిసినవ్, దాన్ని గూడ కొయ్యకపోయినవ్?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తప్పయిందని ఆ రోజే అనాల్సింది. ఆయన దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టుకున్నాడు.

పదకొండో రోజు దండ వేయడానికి ఆయన భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, ఫోటో అడిగింది. "గన్ని ఫోటోలు తీసిండు గదా బిడ్డా, ఆయనది ఒక్కటన్న లేదా?"

వెతికితే అన్నీ పిట్టలే. పెళ్లినాటి ఫోటోలో మీసం రాని పిల్లగాడున్నాడు. చివరికి ఆయన బాయి డ్యూటీ కార్డు మీది ఫోటోను పెద్దది చేయించి తెచ్చాను. మసకను ఒక్కరోజూ ఒప్పుకోని మనిషి మొహమంతా మసక. చిన్నమ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసింది.

"గీయన మీ కాక గాదు బిడ్డా" అని తిరిగిచ్చేసింది.

అప్పుడు చెప్పాను, ఉన్న ఒక్క మంచి ఫోటోలోంచి ఆయన్ని నేనే కోసేశానని. ఆమె లేచి ముందు గదిలోకి వెళ్లింది. గోడ మీది తేనెపిట్టను దించి, కొంగుతో అద్దం తుడిచింది. లోపలికెళ్లి కుంకుమ తెచ్చి, ఫోటో అంచున, ఆ నల్లటి గోరు మీద బొట్టు పెట్టింది.