జల్లెడ స్టీరింగు

ఇవాళ పొద్దున అటక సర్దుతుంటే పాత జల్లెడ ఒకటి చేతికి తగిలింది. వల ఎప్పుడో ఊడిపోయి చట్రం ఒక్కటే మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి బియ్యప్పిండి వాసన వచ్చింది. నిజంగానే వచ్చిందో, నేనే తెచ్చుకున్నానో చెప్పలేను. నా పదో ఏట, మేము రాయగడలో ఉన్నప్పుడు, పదిహేను రోజుల పాటు ఇది మా ఇంట్లో లారీ స్టీరింగు.

నాన్న ఒక బియ్యం షావుకారు దగ్గర జీపు నడిపేవాడు. దసరా వెళ్ళి, కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టున్న రోజుల్లో, కొరాపుట్ అవతల కొత్తగా లేచిన కార్ఖానా నుంచి లారీ డ్రైవరుగా రమ్మని కాగితం వచ్చింది. వెళ్ళగానే లారీ చేతికివ్వరట. వారం రోజులు కూర్చోబెట్టి పద్ధతులు నేర్పి, ఆఖరి రోజు ఘాటీ మీద, కొండదారి మలుపుల్లో, నడిపించి చూస్తారట, నచ్చితేనే ఉద్యోగం. షావుకారు కొలువు అప్పటికే వదులుకున్నాడు గనక, నచ్చకపోతే పెట్టే బేడా సర్దుకుని సాలూరు పక్క తాతల ఊరికి పోవడమే.

నాన్న తల్లికి, మా మామ్మకి, ఈ వ్యవహారం అంతుపట్టలేదు. "ఇన్నేళ్ళ బట్టి బండి తోల్తన్నోడికి మళ్ళీ బడేటిరా?" అని రోజుకోసారి అడిగేది. అమ్మకీ అర్థం కాలేదు గాని, అర్థం కాని ప్రయాణాలన్నిటికీ ఆవిడ దగ్గర ఒకటే మందు: జంతికలు, చింతకాయ పచ్చడి, వేయించిన శనగలు, తలకి నూనె, జ్వరం మాత్రలు, పైన చలెక్కువని సంతలో కొన్న ఎర్రమట్టి రంగు కొట్పాడ్ దుప్పటి, అన్నీ రేకుపెట్టెలో కుక్కి మూత మీద కూర్చునేది.

కాగితంతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. డ్రైవరు చెయ్యి బయటికి చాపి చెయ్యాల్సిన సైగల బొమ్మలు అందులో ఉన్నాయి. మా రోడ్ల మీద అప్పటిదాకా సైగలంటే క్లీనరు తలుపు మీద బాదే దెబ్బలే. నాన్న జల్లెడ పట్టుకుని పీట మీద కూర్చునేవాడు, నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడేదాన్ని. బొమ్మలోని డ్రైవరుకి మొహం లేదు; వేసినవాడు బద్ధకస్తుడనుకున్నాను. ఎడమకి తిరగాలంటే కుడి చెయ్యి చాపి గుండ్రంగా తిప్పాలి, ఎటు తిప్పాలో బాణం గుర్తుంది. నాన్న ఎప్పుడు తిప్పినా బాణానికి ఎదురే పోయేది.

"అలగ కాదు నాన్నా, ఇలగ!"

"ఇలగేటి?"

"మళ్ళీ తప్పు!"

ఆయన నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, మీసాల్లో ఏదో నవ్వుకుని, "అలగే ఇన్‌స్పెక్టరమ్మా" అని, నేను చెప్పినట్టే తిప్పేవాడు. పిండి జల్లించాలని అమ్మ వచ్చి స్టీరింగు లాక్కునేదాకా మా బండి ఆగేది కాదు.

నాన్న బస్సెక్కిన మూడో రోజు, బడి నుంచి వస్తుంటే ఒక లారీ నన్ను దాటిపోయింది. సంత మలుపు దగ్గర డ్రైవరు చెయ్యి బయటికొచ్చి, అచ్చం బాణం చూపినట్టు తిరిగింది, లారీ ఎడమకి పోయింది. అప్పుడు తెలిసింది, బొమ్మలో డ్రైవరుకి మొహం ఎందుకు లేదో. అది వీపు. వెనక నుంచి చూడాల్సిన బొమ్మని ఎదురుగా నిలబడి చూసి, సరిగ్గా తిప్పేవాడికి నేనే తప్పు నేర్పాను.

మర్నాడు కొరాపుట్ బస్సు కండక్టరుని పట్టుకున్నాను; ఆ రోజుల్లో ఉత్తరం కంటే ఆయన నోటి కబురే ముందు చేరేది. "మా నాన్నకి సెప్పండి బాబూ, సెయ్యి అటు కాదు, ఇటు తిప్పమని" అని తిప్పి చూపించాను. ఆయన నాకు ఎదురుగా నిలబడి తనూ తిప్పాడు. "ఇలగేనా అమ్మీ?"

ఇలాగేనో కాదో నాకే తెలియలేదు. ఆయన కార్ఖానా గేటు దగ్గర మనిషికి ఎదురుగా నిలబడి చూపిస్తాడు, గేటు మనిషి నాన్నకి ఎదురుగా నిలబడి చూపిస్తాడు, చివరికి ఆ చెయ్యి ఎటు తిరిగి చేరుతుంది? ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఇంటిల్లిపాదినీ నేనే ముంచానని ఎవరితోనూ చెప్పలేకపోయాను.

తొమ్మిదో రోజు కార్ఖానా లారీ మా వీధిలో ఆగింది, ఖాకీ బట్టల్లో నాన్న దిగాడు. ఉద్యోగం ఇచ్చారు. అమ్మ ఏడ్చింది, మామ్మ దిష్టి తీసింది. నేను ఆయన చొక్కా పట్టుకుని, "ఎటు తిప్పేవు నాన్నా? కబురందిందా?" అని అడిగాను.

"అందింది. కండక్టరు రెండు పక్కలా తిప్పి సూపించేడు. నాను మా ఇన్‌స్పెక్టరమ్మ సెప్పినట్టే తిప్పేను."

నా అయోమయం ఇంకా పెరిగింది. అరగంటకే ఆయన బయల్దేరాడు. ఈసారి నేను వెళ్ళి లారీ వెనక నిలబడ్డాను. వీధి చివర, ఎడమ మలుపు ముందు, చెయ్యి బయటికొచ్చింది. ఒక చుట్టు బాణం చూపినట్టే తిరిగింది. కాస్త ఆగి, ఇంకో చుట్టు నేను నేర్పినట్టు తిరిగింది. ఈయనకింకా రాలేదు, వచ్చిన ఉద్యోగం కూడా ఊడుతుందని నేను అక్కడే ఏడ్చాను.

ఇప్పుడు కొరాపుట్ నుంచి రాయగడకి కకిరిగుమ్మ మీదుగా రైలుంది. లారీలకి టిక్కుటిక్కుమనే దీపాలున్నాయి, ఎవరి చెయ్యీ కిటికీలోంచి బయటికి రాదు. రేకుపెట్టె లేదు, దుప్పటి లేదు, నాన్న లేడు. ఆ రెండో చుట్టు ఎవరి కోసమో ఆయన ఉన్నప్పుడు అడగడం నాకు తట్టలేదు. పొద్దున వంటింట్లో పీట వేసుకుని, ఎడమ చేత్తో చట్రం పట్టుకుని, కుడి చెయ్యి చాపాను. ఎటు తిప్పాలో ఇప్పటికీ తడబడతాను. రెండు వైపులా తిప్పాను.