తల్లిరొయ్య చచ్చిన రోజు

తోంగ్‌కాంగ్ రేవులోని హేచరీలో తల్లిరొయ్యల కన్ను తీసే పని సియోక్ ఖిమ్‌ది. గుడ్లు పండకుండా ఆపే హార్మోను రొయ్య కంటి కాడలోనే పుడుతుంది. ఒక కన్ను తీసేస్తే ఆ అడ్డు సడలి, నాలుగైదు రోజుల్లో వీపు వెంట గుడ్లు ఆకుపచ్చగా కనబడతాయి. కాల్చిన పటకారుతో కాడ నొక్కడంలో ఆమెకు పన్నెండేళ్ల అనుభవం. ఆమె చేతిలో చచ్చినవి తక్కువ.

ఆ వారం ముసలి జాలరి చుయి గ్వాన్ జానెడు దాటిన తల్లిరొయ్యను బకెట్‌లో తెచ్చి ఖిమ్ చేతికిచ్చాడు.

"దారంతా నీళ్లు మారుస్తూనే ఉన్నా. మా ఆవిణ్ణి కూడా ఇంత బాగా చూసుకోలేదమ్మా," అన్నాడు.

మూడోనాడు తొట్టిలో అది పెంకు విడిచింది. యజమాని హోంగ్ తొందరపడుతున్నాడు. "చెరువులవాళ్లు రొయ్యపిల్లల కోసం కాచుక్కూచున్నారు. ఇవాళే కానిచ్చెయ్."

ఖిమ్ బొటనవేలు పెట్టి చూసింది. కొత్త పెంకు మెత్తగా లోపలికి పోయింది. గట్టిపడేదాకా ఆగాలని ఆమెకు తెలుసు. చెబితే విసుక్కుంటాడని నోరు మెదపలేదు. కన్ను తీసింది. గాయం నుంచి రసం కారడం ఆగలేదు. మధ్యాహ్నానికి రొయ్య పక్కకు ఒరిగిపోయింది.

"వలలోనే దెబ్బ తినుంటుంది. ఆ ముసలాడి దగ్గర ఇక కొనొద్దు," అన్నాడు హోంగ్. ఖిమ్ పటకారు కడుగుతూ ఉండిపోయింది.

మర్నాడు చుయి గ్వాన్‌ను గేటు దగ్గరే తిప్పి పంపేశారు. వెళ్తూ ఖిమ్‌ను అడిగాడు. "నిజంగా దెబ్బ తగిలిందా? నేనే చూసుకోలేదేమో."

"ఏమో బాబాయ్," అంది.

ఆరో రోజు ఖిమ్ నూడుల్స్ కొట్టు దగ్గర తింటుంటే, అతను ఎవరితోనో అంటున్న మాటలు చెవిన పడ్డాయి. "చేతులు వణుకుతున్నాయి. వేటకి ఇక పనికిరాను."

ఖిమ్ గిన్నె అక్కడే వదిలేసి లేచింది. నేరుగా హోంగ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పేసింది. అతను తిట్టాడు గానీ, ముసలాయన్ని రమ్మని కబురు పెట్టాడు. తర్వాత ఆమె రేవుకు వెళ్లి చుయి గ్వాన్‌కు కూడా చెప్పింది. అతను వల సర్దుతూ అంతా విన్నాడు.

"నేనడిగిన రోజే చెప్పాల్సిందమ్మా. ఆరు రోజులు నా చేతుల్ని నేనే తిట్టుకున్నా."

చుయి గ్వాన్ మళ్లీ తల్లిరొయ్యలు తెస్తున్నాడు. ఎదురుపడితే తిన్నావా అని పలకరిస్తాడు. బకెట్ మాత్రం మేత కలిపే ఆవిడ చేతికిచ్చి వెళ్లిపోతాడు.