సగం ధర ఫోన్ కోసం

అమీర్‌పేటలో మా ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. డిజైన్లు ఫోటో తీసి స్టేటస్‌లో పెడితేనే కొత్తవాళ్లు వస్తారు. నా పాత ఫోన్‌లో జరీ, పూసలు కలిసిపోయి పసుపు ముద్దలా కనిపించేవి. అప్పుడే ఒక కొత్త ఫోన్ వచ్చింది. కెమెరా ఖరీదైన పెద్ద ఫోన్లకు దీటుగా ఉంటుందని, ధర మాత్రం వాటిలో సగం కూడా లేదని అందరూ చెప్పుకున్నారు.

అమ్మకం మొదలైన రోజు పొద్దున్నే వెళ్లి పంజాగుట్టలో షాపు ముందు లైన్లో నిలబడ్డాను. చాలాసేపటికి సేల్స్‌మన్ బయటికొచ్చి, "ఒక్కటే మిగిలింది" అంటూ నన్ను రమ్మన్నాడు. అంతే, వెనకున్నతను నా జడ పట్టి లాగాడు. వెల్లకిలా పడ్డాను. తల మెట్టుకు కొట్టుకుంది.

"జరుగక్కా! నేను సుత పొద్దుగాల సంది నిలవడ్డ" అని అరుస్తూ, నా వేళ్లు తొక్కుకుంటూ ముందుకు పోయాడు.

నా చేతిసంచిలో బట్ట కత్తిరించే పెద్ద ఇనుప కత్తెర ఉంది. సాన పట్టించడానికి తెచ్చింది. లేచి, సంచి పట్టుకుని విసురుగా అతని మొహం మీద కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. వీపు మీద కొట్టాను, మళ్లీ కొట్టాను. నిజం చెప్పాలంటే, ఆ మూడో దెబ్బకి నాకు హాయిగా అనిపించింది.

"అక్కా, సస్తడు! ఇడిసిపెట్టు!" అంటూ సెక్యూరిటీ అతను నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

రక్తం అతని చొక్కా మీదికి కారుతోంది. చూస్తే మా తమ్ముడి వయసు. సంచిలోంచి లైనింగ్ గుడ్డ తీసి కనుబొమ్మకు అదిమిపెట్టాను. ఆటోలో క్లినిక్‌కు తీసుకెళ్లాను. నాలుగు కుట్లు పడ్డాయి.

"జడ వట్టుడు నాదే తప్పు. కానీ గంత గట్టిగ కొడ్తరా అక్కా?" అన్నాడు.

నేను లేచి కుట్లకైన డబ్బు కట్టడానికి వెళ్లాను.

మేం కొట్టుకుంటుండగానే ఆ ఫోన్ మూడోవాళ్లెవరో కొనుక్కుపోయారు. నాకు మళ్లీ స్టాకు వచ్చినప్పుడు దొరికింది. అందరూ చెప్పింది నిజమే, పూస పూసా విడిగా కనిపిస్తుంది.

తలకు బొప్పి ఎలా కట్టిందని మా ఆయన అడిగితే, ఒకడు జడ పట్టి లాగాడని చెప్పాను. కింద పడ్డవాణ్ని నేను కొట్టిన సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.