చెలమకు వచ్చిన జాడలు

గొలుసుతో కొలవలేనిదాన్ని, కాగితం మీద గీయలేనిదాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే, ఏ ఊళ్ళో, ఏ తేదీన, చూసినవారి పేరేమిటని అడిగేవాణ్ణి. మాట అక్కడితో ఆగిపోయేది. సర్వేయరుగా నా ఉద్యోగమంతా భూమి కొలవడంతోనే గడిచింది. ఇప్పుడు రాయబోయే విషయానికి స్థలం, సంవత్సరం, కొలతలు అన్నీ ఉన్నాయి. లేనిది కారణం ఒక్కటే.

అది 1943 వేసవి. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క, నరసరావుపేట నుంచి తిరిగే బస్సులకు వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి, ఆ వాయువుతో నడిపిన కాలం. చెట్లు కాల్చి చేసే ఆ బొగ్గు మాచర్ల వైపు కొండల నుంచి వచ్చేది. రిజర్వు ఫారెస్టు హద్దు బయట చెట్లు అప్పటికే దాదాపుగా అయిపోయాయి. మిగిలింది హద్దు లోపలి అడవి.

అందులో ఒక బ్లాకును దుప్పుల కోసం ప్రత్యేకంగా కేటాయించి, వేటనూ నరుకుడునూ పూర్తిగా నిషేధించారు. అక్కడ దుప్పులు నిజంగా ఉన్నాయో లేవో పరిశీలించి నివేదిక ఇవ్వమని నన్ను పంపారు. ఉంటే బ్లాకు ఉన్నట్టే ఉంటుంది. లేకపోతే బొగ్గు కంట్రాక్టరు చేతికి వెళ్తుంది. నా పని అంతవరకే.

ఆ బ్లాకుకు వాచరు మస్తాన్. వయసు యాభై దాటి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ ఒక్క బ్లాకులోనే పనిచేశాడు. నేను వెళ్ళిన ఉదయం, హద్దు రాయి దగ్గర కంట్రాక్టరు మనిషి వెంకటప్పయ్య అతన్ని ఆటపట్టిస్తున్నాడు.

"ఏంది మస్తాను మామా, యాడున్నయి నీ దుప్పులు? కారంపూడి సంతకు బొయినయ్యా?"

"నీ మొగం జూసి దాక్కున్నయిలే అల్లుడూ. నిన్ను జూస్తే పులైనా దాక్కుంటది."

"పులి గూడానా! కాకి గూడా ల్యా ఇందులో. వట్టి చెట్లకు కాపలా కాస్తన్నావు. అయ్యగారూ, మీరే చూసి రాయండి."

వెంకటప్పయ్య అన్నది వేళాకోళంగానే అయినా అందులో అబద్ధం లేదు. బ్లాకంతా తిరిగాను. ఎక్కడా పెంటికలు లేవు. కొమ్ములు రాసుకున్న గుర్తు ఏ చెట్టు బెరడు మీదా లేదు. ఎండిన గడ్డి మోకాలెత్తున కొసలు చెడకుండా నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా కాపాడుతూ వచ్చిన అడవిలో అంత నిశ్శబ్దం నాకు కొత్త.

జాడలున్నది ఒకే ఒక్క చోట. వాగు ఇసుకలో మస్తాన్ ఒక చెలమ తవ్వి ఉంచాడు. ఆ వేసవిలో బ్లాకు మొత్తానికి నీరున్నది అక్కడే. చెలమ చుట్టూ మెత్తని మట్టి జల్లించి పోసి, రేగు కంపతో నున్నగా ఊడ్చి ఉంచేవాడు. నీళ్ళకు ఏ జంతువు వచ్చినా ఆ మట్టిని తొక్కక తప్పదు. అడవిలో లెక్క తీయడానికి అతను ఎంచుకున్న పద్ధతి అది. పద్ధతి నాకు నచ్చింది. ఆ మట్టి పట్టీ వెడల్పును నేనే గొలుసు వేసి కొలిచాను. దుప్పి ఒక్క దూకులో దాటగలిగిన వెడల్పు కాదు.

పట్టీ మీద గిట్టల జాడలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దవి, చిన్నవి, పిల్లలవి. ఒకదాని కుడి ముందు గిట్ట కొస లోపలివైపు విరిగి ఉంది. గుర్తుపట్టడానికి పనికొస్తుందని దాన్ని స్కేలుతో కొలిచి, ఉన్న పరిమాణంలోనే బొమ్మ గీశాను.

తరువాత తిరిగి వెళ్ళిన జాడల కోసం చూశాను. లేవు. పట్టీ చుట్టూ రెండుసార్లు తిరిగాను. అన్ని జాడలూ నీటివైపే ఉన్నాయి. అడవివైపు మళ్ళినది ఒక్కటీ లేదు. మర్నాడూ అంతే.

నాకు రావలసిన అనుమానమే వచ్చింది. ఎండిన గిట్టను కర్రకు కట్టి మట్టిలో అద్దితే ఇలాంటి జాడలు ఎన్నైనా పుడతాయి. బ్లాకు పోతుందన్న బెంగ మస్తాన్‌కు ఉంది. మొహమాటం లేకుండా అడిగాను.

అతనికి కోపం రాలేదు. "అనుమానం రావాల్సిందేనయ్యా. మీ తావున నేనున్నా అట్నే అడుగుతా. రేపు మీరే ఊడవండి. ఇద్దరం ఎదురుగ్గా కూచుందాం. నేను కదిల్తే అడగండి."

మర్నాడు ఎండెక్కాక పట్టీని నా చేత్తోనే ఊడ్చాను. అతను నవ్వాపుకోలేకపోయాడు. "అయ్యగారూ, కొత్త కోడలు వాకిలి ఊడ్చినట్టుంది. కంప గట్టిగా అదిమి పట్టండి."

చెలమలో ఒక పుల్ల గుచ్చి, నీటిమట్టం దగ్గర గాటు పెట్టాను. ఇద్దరం గట్టు మీద చెట్టు నీడన కూర్చున్నాం. ఎదురుగా చెలమ, దాని చుట్టూ పట్టీ పూర్తిగా కనిపిస్తున్నాయి. మస్తాన్ తెచ్చిన జొన్నరొట్టె చెరి సగం తిన్నాం. అతను నా పక్క నుంచి లేవలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ, గాలి లేదు. ఏ జంతువూ రాలేదు. దీనికి నా కళ్ళే సాక్ష్యం.

ఒక దశలో మస్తాన్ తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఎందుకని అడిగాను. "ఏం లేదయ్యా" అన్నాడు. కాసేపటికి తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని, "ఇంక పోయి చూడండి" అన్నాడు.

నేను ఊడ్చిన మట్టి మీద మంద మొత్తం నడిచిన జాడలున్నాయి. గిట్టల వేళ్ళు బరువుకు విచ్చుకున్నాయి. మట్టి అణిగిన లోతు బతికిన జంతువుకు తగినట్టే ఉంది. అడుగుకూ అడుగుకూ మధ్య దూరం కూడా సరిపోయింది. విరిగిన గిట్ట కూడా వచ్చింది. అన్నీ నీటివైపే. పుల్ల మీది గాటు దగ్గర నీరు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. వచ్చాయి, తాగలేదు, వెళ్ళలేదు.

అప్పుడు మస్తాన్ నన్ను వాగు మలుపులోకి తీసుకువెళ్ళాడు. అక్కడ నాపరాళ్ళు గుట్టగా పేర్చి ఉన్నాయి.

"పోయినేడు ఎండాకాలం కట్టె దొంగల కేసులో సాక్ష్యానికి నన్ను గురజాల కోర్టుకు పిలిచిండ్రు. వాయిదా మీద వాయిదా ఏసి అక్కడనే కూచోబెట్టిండ్రు. ఆ సందున తోళ్ళ బేరగాళ్ళు వచ్చి చెలమలో విషం కలిపిండ్రయ్యా. నేనొచ్చేసరికి అన్నీ నీళ్ళ చుట్టూతానే పడున్నయి. తోళ్ళు ఒలుచుకుని, కొమ్ములు కొట్టుకుని పోయిండ్రు. పిల్లల్ని గూడా వదల్లా. మందలో ఒక్కటి మిగల్లా."

"ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బ్లాకు తీసేస్తరు. చెట్లుంటే ఏనాటికన్నా కిష్ణ ఒడ్డెంబడి కొత్తయి వస్తయి. చెట్లే లేకపోతే యాడికొస్తయయ్యా?"

రాళ్ళు తొలగించమన్నాను. ఎముకల మధ్య చర్మం ఎండి అంటుకున్న గిట్టలున్నాయి. ఒక్కొక్కటే తీసి చూశాను. కుడి ముందు గిట్ట ఒకటి, లోపలి కొస విరిగినది, దొరికింది. దాన్ని నా బొమ్మ మీద పెట్టాను. గీత దాటలేదు, గీత లోపల ఖాళీ మిగల్లేదు. మస్తాన్ ఆ గిట్టను నా చేతిలోంచి తీసుకుని, యథాస్థానంలో పెట్టి, రాళ్ళు మళ్ళీ పేర్చాడు.

నివేదికలో అన్నీ రాశాను: విషం, ఎముకలు, జాడలు. తిరుగు జాడలు కనిపించలేదని కూడా రాశాను. అటవీ రేంజి అధికారి చదివి, మొదట విషం పోసిన వాళ్ళను తిట్టి, తరువాత నన్ను చూసి నవ్వాడు.

"విషం పోసింది పోయినేడు. జాడలు ఈ ఏటివి. అంటే కొన్ని బతికాయన్న మాటే కదయ్యా. ఇక ఈ వాక్యమేమిటి? వచ్చినవి వెళ్ళకుండా చెలమలో కాపురం పెట్టాయా? ఎండదెబ్బ తగిలినట్టుంది మీకు."

ఆ ఒక్క వాక్యం కొట్టేసి సంతకం పెట్టాడు. బ్లాకు మిగిలింది.

మళ్ళీ 1949లో హద్దుల తనిఖీ కోసం అక్కడికి వెళ్ళాను. మస్తాన్ అంతకు ముందటి ఏడు జ్వరంతో పోయాడని మాచర్లలోనే తెలిసింది. దారి పొడుగునా కొండలు బోడిగా ఉన్నాయి. బొగ్గు కాల్చిన గుంటలు తప్ప నీడనిచ్చే చెట్టు లేదు. హద్దు రాయి దాటగానే అడవి మొదలైంది. కొంత దూరం నడిచేసరికి దుప్పులు కనిపించాయి. నిజమైనవి. నన్ను చూసి చెవులు నిక్కబొడిచి పరుగెత్తాయి. మస్తాన్ ఊహించినట్టే కృష్ణ వైపు నుంచి వచ్చాయని కొత్త వాచరు చెప్పాడు.

చెలమ దగ్గరికి వెళ్ళాను. పట్టీ నున్నగా ఊడ్చి ఉంది. దాని మీద నీటివైపు వెళ్ళిన జాడలూ, తిరిగి అడవికి మళ్ళిన జాడలూ రెండూ ఉన్నాయి. చాలా తృప్తి కలిగింది. కూర్చుని కొలవడం మొదలుపెట్టాను.

ఒక పక్క మాత్రం బతికున్న ఆ దుప్పులు తొక్కని చోటు సన్నని బాటలా మిగిలి ఉంది. అక్కడ ఉన్న జాడలన్నీ నీటివైపే. అందులో కుడి ముందు గిట్ట ఒకటి, లోపలి కొస విరిగినది. ఆనాటి బొమ్మ నా సంచిలోనే ఉంది. తీసి పెట్టి చూశాను. సరిపోయింది.

వెళ్ళిపోయే ముందు, పట్టీని మస్తాన్ పద్ధతిలోనే శుభ్రంగా ఉంచుతున్నందుకు కొత్త వాచరును మెచ్చుకున్నాను. అతను నా వైపు వింతగా చూశాడు.

"నాకెవరూ ఊడవమని చెప్పలేదండీ. నేనొచ్చిన కాణ్ణుంచి ఇట్నే ఉంటది. గాలికేమో అనుకున్నా."

మట్టి మీద రేగు కంప గీతలు దగ్గర దగ్గరగా, ఒకే తీరుగా ఉన్నాయి. కంపను గట్టిగా అదిమి పట్టి ఊడ్చిన గీతలవి. గాలి అలా ఊడవదని నాకు తెలుసు. ఎవరు ఊడ్చారో మాత్రం ఈనాటికీ తెలియదు. ఆ తనిఖీ నివేదికలో దుప్పులు ఉన్నవి, బ్లాకు కొనసాగించవలెను అని మాత్రమే రాశాను. మిగతాది ఎక్కడ రాయాలో నాకు తోచలేదు.