తమ్ముడి పామ్‌టాప్

నాన్న పోయిన ఏడాది తిరక్కుండానే తమ్ముడూ పోయాడు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు వాడిది. గ్రీజు చేతులతోనే పామ్‌టాప్ వాడేవాడు. అరచేతిలో పట్టే కంప్యూటర్ అది, తెర మీద పుల్లతో రాయాలి. దానికి నెట్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు వెతికి తెచ్చి ఎక్కించడం వాడికి పిచ్చి. రాహుకాలం చెప్పేదొకటి, పేకాటొకటి, చేత్తో రాసిన చీటీని వేళకి అలారం మోగించి చూపించేదొకటి.

ఆ చివరిది వాడు పోయాక కూడా ఆగలేదు. రోజూ దీపాలు పెట్టే వేళకి కీకీమని మోగేది. తెర మీద వాడి వంకర రాత: ‘అమ్మా, బీపీ బిళ్ల’. “వేసుకుంటున్నాలేరా, ప్రాణం తియ్యకు!” అని అమ్మ దానికి జవాబు చెప్పి బిళ్ల మింగేది. నాకు ఒళ్లు జలదరించేది. ఆపేద్దామంటే అమ్మ నన్ను కొట్టినంత పనిచేసింది.

బ్యాటరీ పాతబడింది, ఛార్జింగ్ ఒక్క పూట నిలవడం లేదు. అది పూర్తిగా అయిపోతే లోపలున్నదంతా చెరిగిపోతుందట. వాడి రాత పోతుందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మొత్తాన్నీ మెమరీ కార్డు మీదకి నకలు తీసే ప్రోగ్రాము ఉంటుందని విని, నేను పాఠాలు చెప్పే బడి వదలగానే వన్ టౌన్‌లో నెట్ సెంటర్‌కి పరిగెత్తేదాన్ని. ఎంత చెత్త దింపానో! ఒకటి ఎక్కదు, ఇంకొకటి ఎక్కగానే గడువైపోయిందంటుంది. చివరికి దసరాల్లో పనికొచ్చేది దొరికింది. తమ్ముడే దొరికినంత సంబరంగా ఇంటికొచ్చాను.

వచ్చేసరికి పామ్‌టాప్ దేవుడి మందిరంలో ఉంది. ఆరోజు ఆయుధపూజ. వాడి స్పానర్లు కడిగి, బొట్లు పెట్టి, వాటి మధ్య దాన్నీ పెట్టింది అమ్మ, పైన బంతిపూలు పోసి.

“అది ఛార్జింగ్‌లో ఉండాలే! ఇటియ్యి.”

“పూజలో పెట్టిన పనిముట్టు రేపటిదాకా కదపకూడదు. వాడెప్పుడైనా కదిపాడా?”

“అందులోది పోతుందే అమ్మా!”

“అమ్మవారి దగ్గర పెడితే పోతుందా? నోరు ముయ్యి.”

ఆ సాయంత్రం బంతిపూల కింద నుంచే మోగింది. మర్నాటికి తెర వెలగలేదు. ఛార్జింగ్ పెడితే వెలిగింది గానీ, అప్పుడే అంగట్లో కొన్నదానిలా యజమాని పేరేమిటని అడిగింది. అమ్మ పీట మీద కూలబడి, “నేనే పోగొట్టానా వాణ్ని?” అంది. నాకు కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది.

ఆశ చావక షెడ్డులో వాడి సొరుగు వెతికితే ఒక మెమరీ కార్డు దొరికింది. దూర్చి చూస్తే, నేను అన్నాళ్లు వెతికిన ప్రోగ్రామే అందులో ఉంది. వెధవ, ఎప్పుడో తెచ్చి పెట్టుకున్నాడు! ఒక నకలు కూడా తీసి ఉంచాడు. దాన్ని తిరిగి ఎక్కించాను. రాహుకాలం వచ్చింది, పేకాట వచ్చింది. “వచ్చేశాడే అమ్మా!” అని అరిచాను.

దీపాల వేళకి అమ్మ బిళ్ల, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ముందే కూర్చుంది. మోగింది. అదే వంకర రాత. కానీ ఆ నకలు పాతది, నాన్న ఉండగా తీసింది. తెర మీద ‘నాన్నకి ఇన్సులిన్’ అని ఉంది.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. “వస్తున్నా, వస్తున్నా” అంటూ వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. తీసి, అక్కడే నిలబడిపోయింది.