గ్రీజు డబ్బ మూత

మైసమ్మ మీద ఒట్టు, ఎల్లమ్మ మీద ఒట్టు అని ఊకె ఒట్లు పెట్టుకునే మనిషిని గాదు నేను. ఒట్టు గూడ పైస లెక్కనే. దండుగ చేయొద్దు. కని ఇయ్యాల ఒక్కటి పెట్టుకుంటున్న. నా మనుమరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్తున్న... ఇది అయింది. నా కండ్లతోటి చూసిన. కలగాదు. కల్లు తాగి గాదు. గా దినం నేను చుక్క ముట్టలే.

నేను మూడో తరగతిల బడి బందు పెట్టినదాన్ని. రాత వంకర పోతే పోనీ. మాట వంకర గాదు.

మాది కోరుట్ల దిక్కు ఇబ్రహీంపట్నం కాడ ఊరు. గౌండ్లోళ్లం. మా ఇంటాయన బతికినన్ని రోజులు తాటిచెట్లు గీసి కల్లు దింపిండు, మోకాళ్లు పట్టుకపోయినంక ట్రాక్టర్ కొన్నడు. ఆయన పోయిండు. కొడుకు మస్కట్ల ఉన్నడు. ట్రాక్టర్ వాకిట్ల పడి తుప్పు పడుతుంటే నా కోడలు రజిత ఒక దినం కొంగు నడుముకు చెక్కి ఎక్కి కూసున్నది. "అత్తమ్మా, నేను నేర్సుకుంట" అన్నది. "డీజిల్ ఎవలు పోస్తరు?" అన్న నేను. గట్ల అన్న గని, నేర్సుకున్నది. మంచిగ నేర్సుకున్నది.

ఒక్కటే తక్లీబు. ట్రాలీ తగిలిచ్చుడు. ట్రాక్టర్‌ను ఎనుకకు తెచ్చి, ట్రాలీ మూతికి ఉన్న కడీని, గా ఇనుప రింగును, ట్రాక్టర్ హుక్కుల సక్కగ పడగొట్టాలె. బెత్తెడు అటిటు అయినా పడది. ఎనుక ఒకలు నిలబడి "రా... రా... ఆగు" అనాలె. మొగోళ్లందరు గల్ఫ్‌ల ఉంటే ఎనుక ఎవలు నిలబడుతరు? అందుకే రజిత కోరుట్లల వెల్డింగు షాపుకు పోయి ట్రాలీ మూతికి జారుడు హుక్కు చేపిచ్చుకచ్చింది. గొట్టంల రాడు ఉంటది. గుంజితే బయటికి అస్తది. ట్రాక్టర్ మూరెడు దూరంల ఉన్నా రాడు గుంజి తగిలియ్యచ్చు. తర్వాత ట్రాక్టర్ జెర ఎనుకకు నూకితే రాడు లోపలికి సర్ర్‌న పోయి, పిన్ను టక్కున పడతది. ఒక్క మనిషి పని.

దానికి పెట్టిన ఖర్చు ఇని నేను రెండు పూటలు అన్నం తినలే. అది వేరే ముచ్చట.

ఇగ అసలు సంగతి.

ఎల్లమ్మ గుడి కాడికి వంటలకు, అంటే యాటను కోసి వండుకొని తినే పండుగకు, పోయే దినం దగ్గరికచ్చింది. మా వాడ ఆడోళ్లందరు "మేము రజిత ట్రాలీలనే అస్తం" అన్నరు. వంట బగోనలు, కట్టెలు, యాట, పిల్లగాండ్లు, అందరు గా ట్రాలీలనే. మా మరిది మల్లయ్య, మా ఇంటాయనకు చిన్నాయన కొడుకు, కొట్టం కాడ నలుగురి ముందర మీసం దువ్వుకుంట అన్నడు:

"వదినె, నీ కోడలు ఎవ్వల సాయం లేకుంట ట్రాలీ తగిలిచ్చి ఎల్లమ్మ కాడికి తోలిందంటే, గీ మీసం తీసి ఎల్లమ్మకే ఇస్త."

"ఎల్లమ్మకు నీ మీసం దేనికిరా? చీపురు చేసుకుంటదా?" అన్న.

అందరు నవ్విర్రు. రజిత మాత్రం నవ్వలే. నాకు ఎరుకే. రేపు అది ఒక మొగోన్ని పిలిస్తే, తెల్లారి నుంచి వాడల ఎవలు దానికి వడ్లు మోసే కిరాయి చెప్పరు. "ఆడిది, ఇంకొకల సాయం కావాలె" అంటరు. గది దాని బుగులు.

పండుగ ముందు దినం పగటీలి వాన గొట్టింది. ఏమి వాన! పొద్దుమీకి రజిత పోయి రాడు గుంజింది. రాలే. రెండు చేతులతోటి గుంజింది. కాలు తన్ని గుంజింది. ఊహూ. గొట్టంల తుప్పు, మన్ను, వడ్ల పొట్టు అన్ని కలిసి గట్టిపడ్డయి.

"గ్రీజు తే అత్తమ్మా, దండిగ కొడదాం."

"ఆగు పోరీ. మన్ను మీద గ్రీజు రాస్తే బురద పిసికినట్టే. ముందుగాల కడుగాలె."

ఇద్దరం కూసున్నం. నేను పాత కొడవలి మొనతోటి తుప్పు గోకిన. రజిత డబ్బల డీజిల్ పోసి బ్రష్షుతోటి లోపల రుద్దింది. తంగళ్ళపల్లిల నా బిడ్డ ఇంట్ల బట్ట నేసే సాంచెలు నడుస్తయి. నేను పోయినప్పుడల్లా గక్కడి దారం చెత్త మూట కట్టుకొని అస్త. పారేసేది ఎందుకు? దాంతోటి తుడిసిన. నల్లగ అచ్చింది... ఇంక తుడిసిన... ఇంక నల్లగ. రాడు బెత్తెడు కదిలింది. గంతే. మల్లా పట్టేసింది. సుత్తెతోటి కొట్టినం. కట్టె పెట్టి కొట్టినం. చీకటైంది.

"గ్రీజు రాస్తే జారుతదేమో" అన్నది మల్లా.

"నీ మామ గిట్లనే. ఏదన్న కదలకపోతే సగం డబ్బ పూస్తుండె. నలభై ఏండ్లు మొత్తుకున్న, ఇనలే. గ్రీజు రాసుడు పని గాదు. తుడుసుడు పని."

రజిత చేతులు కడుక్కొని లోపలికి పోయింది. పోతుంటే దాని మొఖం చూసిన. ఏడుపు లేదు. ఏడుపు కంటె చెడ్డగ ఉన్నది.

నేను గ్రీజు డబ్బకు గట్టిగ మూత పెట్టి నా మంచం కింద పెట్టుకున్న. ఎప్పుడు గక్కడనే. ఎలుకలు, పిల్లగాండ్లు, మల్లయ్య... ఎవల్ని నమ్మద్దు. ఇంటి ముందర అరుగు మీదనే మంచం ఏసుకొని పండుకున్న.

కన్ను అంటుకున్నదో లేదో...

సర్ర్...

టక్.

కుక్క అనుకున్న. మల్లా.

సర్ర్... టక్.

కండ్లు తెరిచిన. వానకు ఆకాశం కడిగినట్టున్నది. వీధి బుగ్గ వెలుగుతున్నది. మా కుక్క రాజు అరుస్తలేదు. కొత్త మనిషి నీడ పడితేనే వాడ లేపే కుక్క అది. లేచి నిలబడ్డది. ట్రాలీ దిక్కు చూస్తున్నది... తోక ఊపుతున్నది.

తోక ఊపుతున్నది!



చీపురుకట్ట పట్టుకున్న. చెప్పు గూడ పట్టుకున్న. మెల్లగ దిగిన. ఒక్క అడుగు... ఆగిన. ఇంకొక అడుగు... ఆగిన. కాళ్ల కింద మన్ను సల్లగ ఉన్నది.

సర్ర్...

చూసిన. నా కండ్లతోటి. ట్రాలీ మూతికెళ్లి రాడు బయటికి అస్తున్నది. మెల్లగ. ఎవలో లోపలి నుంచి నూకినట్టు. బుగ్గ వెలుగుకు మెరుస్తున్నది, కడిగిన ఇత్తడి చెంబు లెక్క. గీ దిక్కు ఎవ్వలు లేరు. అవుతల దిక్కు ట్రాలీ నీడ... నల్లగ. గక్కడ ఎవలన్న వంగి ఉన్నరో లేరో, ఇప్పటిదాక చెప్పలేను.

రాడు నిండుగ బయటికచ్చింది. ఆగింది.

నా దిక్కు చూస్తున్నట్టు ఆగింది.

గప్పుడు వాసనచ్చింది. పచ్చి కల్లు వాసన. పొద్దుగాల చెట్టు మీదికెళ్లి దింపిన లొట్టి మూతి కాడ ఉంటది సూడు, గసొంటిది. గంత రాత్రి పూట ఏ చెట్టు దింపుతరు?

 మొక్కాల్నా, ఉరుకాల్నా తెల్వదు. నోట్లకెళ్లి ఏమచ్చిందో ఎరుకేనా?

"ఎవలైనా గానీ... గ్రీజు ఎక్కువ పుయ్యకు!"

అంత నిమ్మలమైంది. కప్పలు గూడ బందు వెట్టినయి.

తర్వాత... చీకట్లకెళ్లి... చిన్నగ దగ్గినట్టు. లేదంటే నవ్వినట్టు. పెండ్లాం తిట్టినప్పుడు మొగోళ్లు మూతి మూసుకొని నవ్వుతరు సూడు. గట్ల.

టక్.

రాడు లోపలికి పోయింది.

ఇగ నేను ఆగలే. చీపురు ఆడనే, చెప్పు ఆడనే. ఇంట్లకు ఉరికి గొళ్లెం పెట్టిన. రజిత మనుమరాలిని పట్టుకొని గుర్రు పెడుతున్నది. దాని చేతులు చూసిన. సాఫుగ ఉన్నయి. పక్కల ఒరిగిన.  చెప్తె నవ్వుతరు... మూతి మీద నవ్వు ఆగుతలేదు. బుగులు సగం, నవ్వు సగం. గట్లనే నిద్ర పట్టింది.

తెల్లారింది. డప్పు సప్పుడు. ఆడోళ్లు బోనాలు, బగోనలు పట్టుకొని మా వాకిట్ల నిలబడ్డరు. మల్లయ్య కొత్త తువాల ఏసుకొని మీసం మెలేసి అచ్చిండు.

"ఏమే కోడలా, నన్ను రమ్మంటవా?"

రజిత ట్రాక్టర్ ఎక్కింది. ఎనుకకు తెచ్చింది. ఎడమకు ఎక్కువ కొట్టింది... మూరెడు దూరంల ఆగింది.  దిగింది. ట్రాలీ కాడికి పోయి రాడు మీద రెండు చేతులు పెట్టి, కాలు తన్ని, బలమంత పెట్టి గుంజబోయింది...

రాడు ఒక్క గుంజుకు సర్ర్‌న అచ్చింది! పిల్ల ఎనుకకు పడబోయి నిలదొక్కుకున్నది. నా దిక్కు చూసింది. నేను ఆకాశం దిక్కు చూసిన.

కడీ హుక్కుల వేసింది.  ఎక్కింది. జెర ఎనుకకు నూకింది.

టక్.

ఏమి లొల్లి! ఆడోళ్లు సప్పట్లు కొట్టిర్రు, డప్పోళ్లు దరువు మార్చిర్రు, పిల్లగాండ్లు ట్రాలీ మీదికి చీమల లెక్క ఎక్కిర్రు. మల్లయ్య పెండ్లాం ఎంకవ్వ ఆడనే మంగలాయన్ని పిలిపిచ్చింది. మీసం పోయినంక మొగని మొఖం చూసి, "వామ్మో, గీయన ఎవలే? నన్ను పెండ్లికి ఇచ్చేటప్పుడు ఇంకొకన్ని చూపెట్టిర్రు గదనే మా వోళ్లు!" అన్నది. నవ్వీ నవ్వీ నా పక్కలు నొచ్చినయి.

గప్పుడే మల్లయ్య వంగి పిన్నుకు ఉన్న తాడు చూసిండు. పిన్ను ఊడి పడిపోకుంట తాడు కట్టి ఉన్నది. మేము కట్టలే. రజిత కట్టలే. మోకు ముడి. తాటిచెట్టు ఎక్కెటోళ్లు నడుము మోకుకు వేసే ముడి. మల్లయ్య దాని మీద వేలు పెట్టిండు.

"వదినె... ఇది ఎడమ చేతి ముడి."

మా ఇంటాయనది ఎడమ చెయ్యి. ఊరందరికి ఎరుకే.

"నువ్వు ఎయ్యలేవా?" అన్న.

"ఏస్తె ఏస్త... కని నాకేం పని వదినె?" అన్నడు, నా దిక్కు చూడకుంట. వాని గోర్లు చూసిన. నల్లగున్నయి. "గోర్లు గట్లున్నయేందిరా?" అన్న. "బండి చైను ఊడింది" అన్నడు. బండి చైను ఊడిందో లేదో ఎంకవ్వను అడిగిన. "ఏమో అక్కా, రాత్రి ఆయన ఎటు పోయిండో నాకెరుక లేదు, నేను సకినాల పిండి పిసుకుడే సరిపోయింది" అన్నది.

అంటే మల్లయ్యనా? మీసం పోతదని ఎరుకుండి, వదినె ఇంటి ముందర రాత్రి పూట కూసొని కోడలి పని చేసిండా? వాడు అంత మంచోడా? నాకు నమ్మబుద్ధి అయితలేదు. రాడుకైతే గ్రీజు పూసి ఉన్నది; మరి నా మంచం కింది డబ్బ నేను లేవకుంట ఎట్ల తీసిండు, ఎట్ల పెట్టిండు?

ఎల్లమ్మ కాడ తిన్నం, ఎగిరినం, రజిత తోలిన ట్రాలీలనే పాటలు పాడుకుంట తిరిగచ్చినం. ఆ తెల్లారే వడ్ల కిరాయి చెప్పనికి మనిషచ్చిండు. గా పండుగ రాత్రి అందరు నిద్రపోయినంక నేను ఒక్కదాన్ని మంచం కింది డబ్బ తీసిన. మూత గట్టిగనే ఉన్నది, నేను పెట్టినట్టు. తెరిచిన. గ్రీజు మీద ఒక్క వేలి గీత. సన్నగ. గోరంత గ్రీజు తీసిండు. గంతే. రాడును చూస్తే సాంచెల దారంతోటి మంచిగ తుడిసి, ఎక్కడ ముద్ద లేకుంట, పల్సగ పూసి ఉన్నది. నేను చెప్పినట్టే.

మా ఇంటాయన బతికినన్ని రోజులు సగం డబ్బ పూసినోడు. ఆయన అయితే గింత పొదుపు ఎట్ల చేసిండు? మరి ఆయన గాకపోతే... ఎడమ చేతి ముడి ఏంది? కుక్క తోక ఊపుడేంది?

నలభై ఏండ్లు మొత్తుకున్న మాట, పోయినంక ఇన్నడా?

నాకెరుక లేదు. మీరు చెప్పిర్రి.

ఒక్కటి మాత్రం. గా రాత్రి నుంచి గ్రీజు డబ్బ మూత జెర వదులుగ పెడుతున్న. గాలి తగిలితే గ్రీజు ఎండుతదని నాకు ఎరుకే.

ఎండనీ.